గుడ్డ కింద మూడు కెమెరాలు

కెమెరాను చేత్తో ఎక్కడ పట్టుకుంటామో ఆ పిడిని ముందుగా చెక్కతో చెక్కి చూపించడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని చేస్తున్నందుకు కంపెనీలో అందరికీ ఆమె పిడులక్క. ఏడేళ్ల కిందట జేబు జేబులోకీ ఫోన్లు చేరి, కంపెనీ కెమెరాలు మానుకున్నప్పుడు సగం మంది గుమ్మం దిగిపోయారు. ఆమెను మాత్రం అట్టేపెట్టుకుని, డాక్టర్లు కడుపులోకి చూసే గొట్టాలకు పిడులు చెక్కించారు. డాక్టరు చెయ్యి కూడా చెయ్యేగా అని నవ్వేసి చెక్కింది.

ఇప్పుడు కంపెనీ మళ్లీ కెమెరా తెస్తానంటోంది. బజారులో అప్పటికే రెండు పెద్ద కంపెనీలు పాతుకుపోయాయి. మనం లేచి వచ్చిన కుర్చీ ఎవరైనా ఖాళీగా ఉంచుతారా అని కూతురు ఇంట్లో ఒకటే ఎగతాళి. పిడులక్క ఆ మాట చెవిన వేసుకోలేదు. పాత పిడి కొలతలు ఆమె వేళ్లకు కంఠతా వచ్చు. నాలుగు వారాల్లో కొత్తది చెక్కేసింది. ఇది నెగ్గకపోతే పని బయటివాళ్లకు పోతుందనీ, తన చెక్కపని గదికి తాళం పడుతుందనీ ఆమెకు తెలుసు. అయినా హాయిగా నిద్రపోయింది.

పరీక్ష పద్ధతి ఆమె పెట్టిందే. బల్ల మీద ఒకే బరువు, ఒకేలాంటి తోలు తొడుగు ఉన్న మూడు కెమెరాలు, పైన నల్లగుడ్డ. ఒకటి తమది, రెండు పోటీవాళ్లవి. చెయ్యి దూర్చి, చూడకుండా పట్టుకుని, ఏది వదలబుద్ధి కాలేదో చెప్పాలి. కంటికి చూపిస్తే జనం పేరు చూసి మెచ్చుకుంటారని ఆమె వాదన.

"ముందు మీరే కానివ్వండక్కా" అన్నాడు మేనేజరు. చంటిబిడ్డ తండ్రి, కళ్ల నిండా నిద్రమత్తు.

ఆమె రెండోదాన్ని పట్టుకుని, తడుముకోకుండా తనదేనంది. గుడ్డ తీస్తే అది పోటీ కంపెనీది.

"అక్క పార్టీ మార్చేసింది" అన్నాడు ప్యాకింగు ఆయన.

పిడులక్క నొచ్చుకోలేదు. తన నమూనా తీసుకుని కంటికి ఆనించింది. ఒదిగిపోయింది. దాన్నే గుండెల దాకా దించింది. మణికట్టు మెలిక పడింది.

"నువ్వు పాపను ఎలా ఫొటో తీస్తావు బాబూ?"

"ఫోన్ ఇలా ముందు పెట్టుకునే అక్కా. నా మొహం కనబడకపోతే ఏడుపు లంకించుకుంటుంది."

ఆమె తలూపింది. "నేను చెక్కింది ఏడేళ్ల కిందటి చేతికి. అప్పుడందరూ కెమెరా కంటికి ఆనించేవాళ్లు."

మేనేజరు నసుగుతూ, పని బయటికిచ్చేద్దామా అని అడిగాడు.

"మూడు రోజులియ్యి. తప్పెక్కడుందో చెయ్యి చెప్పేసింది. ఇక మిగిలింది చెక్కడమేగా."

బొటనవేలు ఆనేచోట రవ్వంత తగ్గించింది, అరచేతివైపు వాలు మార్చింది, గరుకు కాగితంతో రుద్దింది. మధ్యమధ్య మేనేజరును పిలిచి, ఎడమ చంకలో పాప బరువంత చెక్కదుంగ పెట్టి, కుడిచేత్తో పట్టుకోమంది. పాపం, పట్టుకున్నాడు.

మూడో రోజు మళ్లీ గుడ్డ పరిచారు. పన్నెండుమంది చేతులు పెట్టారు. ఈసారి ఆమె పెట్టలేదు. ఎనిమిదిమంది ఆమె పిడిని ఎంచుకున్నారు.

మేనేజరు మొహం వికసించింది. అంతలోనే అనుమానం. "బజారులో నిలబడ్డానికి ఇది చాలంటారా?"

"నిలబడతాం. ముందు ఆ మిగతా నలుగురినీ పిలువు" అంటూ ఆమె ఆకురాయి చేతిలోకి తీసుకుంది. "ఏ వేలికి ఇబ్బందైందో అడుగుదాం."