ఎడమ చేతికి అందని నాడి

మొన్న బీపీ చూపించుకోవడానికి పోతే, కొత్తగా వచ్చిన నర్సమ్మ నా ఎడమ చేతికి పట్టీ చుట్టబోయింది. నేను నవ్వి కుడిచేయి చాపాను. ఆ నవ్వు వెనక ఉన్న కథ మా ఈడు వాళ్ళతో చెప్పుకోవాలనిపించింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నకిరేకల్ దగ్గరి మా ఊళ్ళో నేనూ మా ఆయనా చెరో మగ్గం నేసేవాళ్ళం. నాకింకా నలభై నిండలేదు. తరచూ తలనొప్పి, మగ్గం మీద కూర్చున్న కాసేపటికే ఎడమ చేయి బరువెక్కి లాగడం. నేతవాళ్ళకు చేతులు నొయ్యకుండా ఉంటాయా అనుకున్నాం. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు ఆ చేతికే బీపీ చూసి, మరీ తక్కువుందని, మజ్జిగలో ఉప్పు దండిగా వేసుకొని తాగమన్నాడు. అలాగే తాగాను. కొన్నాళ్ళకు, కాళ్ళు దింపుకొని నేసే మగ్గం గుంటలోంచి లేవబోతూ కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను.

హైదరాబాదు పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నా ఎడమ మణికట్టు పట్టుకొని ఎంత వెతికినా నాడి అందలేదు. కుడిచేతికి బీపీ చూసి గాబరాపడింది. పెద్ద రక్తనాళాల గోడలు వాచి ఇరుకయ్యాయనీ, ఎడమ చేతికి రక్తం సరిగా అందకనే అక్కడ తక్కువ చూపించిందనీ, మూత్రపిండానికి పోయే నాళం కూడా సన్నబడి అసలు బీపీ ప్రాణం మీదికి తెచ్చేంత పెరిగిందనీ విడమరిచి చెప్పింది.

నాళాల వాపు తగ్గడానికిచ్చిన మాత్రలతో ముఖం ఉబ్బి, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేక, అన్నీ విసిరికొట్టాలనిపించేది. ఉప్పు తగ్గించి నా మట్టుకు వేరే వండుకోబోతే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వొక్కదానివే సప్పగ తింటే ముద్ద దిగుతదా బిడ్డా? అందరికి గదే కూర. మందులు మాత్రం ఇడువకు."

పచ్చళ్ళ జాడీలన్నీ పొరుగింటికి పంపేసింది.

వాపు అణిగాక మూత్రపిండానికి పోయే ఆ సన్నబడిన నాళాన్ని బెలూనుతో వెడల్పు చేశారు. బీపీ దిగివచ్చింది, ఇక నేసుకోవచ్చని డాక్టరమ్మ చెబితే మా ఆయన దవాఖాన మెట్ల మీదే కూర్చొని ఏడ్చాడు. మళ్ళీ మగ్గమెక్కి నేసిన మొదటి ఎర్రంచు చీర అత్తమ్మకే ఇచ్చాను. ఆమె కట్టుకొని వాడంతా తిరిగింది.

"మా కోడలు నేసింది, సూడుండ్రి! సావును గెలిచొచ్చి నేసింది!"

ఎడమ చేతికి నాడి ఇప్పటికీ అందదు గానీ, మందులు మానలేదు, బీపీ అదుపు తప్పలేదు, నా మగ్గమూ ఆగలేదు. వాడలో చాలా మగ్గాలు మూలపడ్డాయి, అత్తమ్మ కూడా లేదు. ఇప్పుడు ఎవరి రుచి వారిది, ఎవరి పళ్ళెం వారిది. ఒక మనిషి కోసం ఇల్లంతా పథ్యం తిన్న ఆ రోజులు చూసినదాన్నని మాత్రం ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.