పెరుగన్నం తిన్న కుక్కపిల్ల

మా ఆయన పొద్దున్నే లేచారంటే ఆ రోజు ఏలూరులో ఏదో వింత జరిగినట్టే. పాలవాడు గుమ్మంలో గంట కొట్టినా ఆయనకి మెలకువ రాదు. అలాంటి మనిషి, తాడేపల్లిగూడెంలో తోటి లెక్చరరు ఇంట పుట్టిన కుక్కపిల్లని సంచీలో పెట్టుకుని రైల్లో తెచ్చాక, కొత్త సెల్‌ఫోన్లో అలారం పెట్టుకుని మరీ లేచి, దాన్ని నడకకి తీసుకెళ్ళడం మొదలెట్టారు.

అత్తగారు మొదటి రోజే షరతు పెట్టేశారు. మావగారు ఉన్నన్నాళ్ళూ గుళ్ళో అర్చకులు, మా గడప కోడిగుడ్డు కూడా దాటి ఎరగదు. "ఇక్కడుంటే మనం తినేదే తినాలి. లేదూ, తెచ్చినచోటే దింపేసి రా" అన్నారు కొడుకుతో. పేరు పెట్టడానికీ ఒప్పుకోలేదు, పెడితే మమకారం పెరిగిపోతుందట.

ఆ కుక్కపిల్ల మహాతల్లేమో పెరుగన్నం వాసన చూసి మొహం తిప్పేసుకునేది. పప్పన్నంలో నెయ్యేసినా అంతే. పక్కటెముకలు పైకి తేలుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. కుక్కలూ గిక్కలూ వద్దని గోల చేసినదాన్నీ నేనే, ఎక్కడ పంపించేస్తారోనని హడిలిపోయినదాన్నీ నేనే.

అలాంటిది, ఉన్నట్టుండి బూరెలా తయారైంది. పెరుగన్నం మాత్రం పళ్ళెంలో అలాగే ఉండేది. ఓ పొద్దున్న నడక నుంచి రాగానే ఎత్తుకుంటే మూతి దగ్గర నీచు వాసన గుప్పుమంది. నిలదీస్తే మా ఆయన అసలు సంగతి కక్కేశారు. వీధి చివర, చర్చి పక్కన ఉండే టీచరమ్మగారి పుట్టిల్లు కొల్లేటికోట. తమ్ముడు పంపే చేపలు ఆవిడ తెల్లారగానే బాగుచేస్తారు. మన గారాలపట్టి గేటు ముందు చతికిలబడితే జాలిపడి ఓ ముక్క ఉడకబెట్టి పెట్టారట. ఇక అప్పట్నించీ మా ఆయన నడకంతా ఆ గేటు దాకానే. ఇంతోటి దానికి కొత్త బూట్లు కూడా కొన్నారు.

ఏం చేస్తాను, నేనూ దొంగల్లో కలిశాను. ఇంటికి రాగానే దాని మూతి సబ్బుతో కడిగి పౌడరద్దేదాన్ని. పెరుగన్నం పక్కింటి గేదెకి పోయేది. ఖాళీ పళ్ళెం చూసి అత్తగారు పొంగిపోయేవారు. భజనకొచ్చిన వాళ్ళందరికీ కుక్కపిల్లని చూపించి, శాకాహారంలో ఉన్న బలం ఇంకెందులో ఉందండీ అనేవారు. నేను వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఇలా గుట్టుగా సాగిపోతుండగా మా ఆయనకి జ్వరం తగిలింది. కుక్కపిల్లని నేను తీసుకెళ్తానంటే, నువ్వు పాలు చూసుకో అమ్మాయ్ అని అత్తగారే తాడందుకున్నారు. అది ఆవిణ్ణి వీధి చివరికి బరబరా లాక్కుపోతుంటే మా ఆయన దుప్పటి కప్పుకునే వరండాలోకొచ్చి నిలబడ్డారు. సాయంత్రం రైలుకే దీన్ని పంపించేస్తారనుకున్నాను, ఏడుపొచ్చేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి ఇద్దరికీ తెలీలేదు.

చాలాసేపటికి వచ్చారు. కుక్కపిల్ల మూతి నాక్కుంటోంది. అత్తగారు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్ళబోతూ నా దగ్గర ఆగారు.

"ముళ్ళు తీసి పెట్టమని చెప్పొచ్చాను ఆ టీచరమ్మగారికి" అన్నారు గొంతు తగ్గించి. "పసిది, గొంతులో గుచ్చుకుంటే?"

సాయంత్రం భజన దగ్గర పెరుగన్నం గొప్పతనం మళ్ళీ చెప్పారు, ఎప్పటికన్నా కాస్త గట్టిగా.