ఎఫీ ఇల్లు సముద్రం వైపు నడిచిన రోజు

మా మరదలు ఎఫీ కట్టిన ఇల్లు నడిచింది. నడిచిందంటే నడిచిందే. అబద్ధాలు చెప్పే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అది నడుస్తున్నప్పుడు నేను దాని వంటింట్లోనే ఉన్నాను.

ఎఫీ నా తమ్ముడు సెల్బీ పెళ్లాం. మా న్యూఫౌండ్‌లాండ్ తీరానికి ఎదురుగా ఉన్న దీవిలో పుట్టింది. అది పిల్లగా ఉన్నప్పుడే ప్రభుత్వం ఆ దీవిని ఖాళీ చేయించింది. జనం ఇళ్లకు పీపాలు కట్టి, నీళ్ల మీద తేల్చుకుంటూ ఈ ఒడ్డుకు తెచ్చుకున్నారు. వాళ్ల నాన్న ఇల్లు మాత్రం సగం దారిలో మునిగిపోయింది. అప్పట్నుంచి ఎఫీ బతుకంతా పరాయి కప్పుల కిందే. ముందు మేనత్త అటక మీద, పెళ్లయ్యాక మా అమ్మ వెనక గదిలో. మా అమ్మతో ఒకే పొయ్యి దగ్గర అన్నేళ్లు నెగ్గుకొచ్చిందంటేనే దానికి దండం పెట్టాలి. కన్నకూతుర్ని, నా వల్లే కాలేదు.

చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసేది. సముద్రంలో కాడ్ కరువై ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరంతా తలలు పట్టుకుని కూర్చుంటే, ఇది మాత్రం సుత్తి పట్టుకుంది. చలికాలాల్లో అడవిలో స్ప్రూస్ మానులు కొట్టి, మంచు మీద ఈడ్చుకొచ్చి, పలకలు కోయించి, ఇల్లు మొదలుపెట్టింది. మా తమ్ముడి ఊపిరితిత్తులు బాగుండవు. వాడు కుర్చీలో కూర్చుని మేస్త్రీ పని చేసేవాడు, నోటితో.

"ఒసే, ఆ దూలం వంకరగా ఉందే."

"దూలం కాదు, నీ మెడ వంకర. సరిగ్గా కూర్చుని చూడు."

మా నాన్న ఇల్లు కట్టుకునేటప్పుడు పక్కింటాయన్ని కేకేసి, "ఇక్కడ కడుతున్నానోయ్" అన్నాడు. ఆయన "కట్టుకో" అన్నాడు. అదే పర్మిట్. ఎఫీకి అట్లా కాదు. బావికో పర్మిట్, మరుగుదొడ్డి గుంటకో పర్మిట్, పొగగొట్టానికో పర్మిట్. కౌన్సిలు ఆఫీసు మెట్లు తొక్కి తొక్కి దాని బూట్లు అరిగాయి. అయినా ఓర్చుకుంది. ఇంటి ముందు బోలెడంత ఖాళీ వదలాలి, వెనక కొంచెం చాలు అన్నారు. సరే అని ముందు పెద్ద మైదానం వదిలింది. పసుపు రంగు వేసింది. కిటికీలకు తెరలు కట్టింది. అప్పుడొచ్చాడు ఇన్‌స్పెక్టరు, పట్నం నుంచి, టేపు తీసుకుని.

"ఇంటి ముందు ఖాళీ చాల్లేదమ్మా" అన్నాడు.

ఎఫీ సముద్రం వైపు చెయ్యి చాపింది. "అంత మైదానం కనబడట్లేదా బాబూ? గొర్రెల మందను తోలుకొచ్చి చూపించాలా?"

"అది వెనకమ్మా. ముందంటే రోడ్డు వైపు."

"రోడ్డా? ఆ రోడ్డు నా పెళ్లి తరవాత వచ్చింది. సముద్రం ఎప్పుడొచ్చిందో కనుక్కుని రా, పో."

మా ఊళ్లో ఏ ఇల్లు చూడండి, ముఖం నీళ్ల వైపే ఉంటుంది. పడవ మీద పోయినవాళ్లు అటునుంచే కదా తిరిగి రావాలి. రోడ్డు వైపు తలుపులోంచి మేం చెత్త పారబోస్తాం. ముందు ఏదని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాకూ అడగాలని తోచలేదు. పాపం ఆ ఇన్‌స్పెక్టరు పొగరుబోతు కాదు, మర్యాదగానే చెప్పాడు. మంచు పడేలోగా ఇల్లు సరైన చోట ఉండాలి, లేకపోతే కూల్చెయ్యాలి.

అదే వారం ఇంటిపన్ను కాగితం వచ్చింది. పూర్తయిన ఇల్లట, సముద్రం కనబడే ఇల్లట, అందుకని పన్ను ఎక్కువట. దాని గుమ్మం ముందు వీధి దీపం లేదు. మంచు తీసే బండి చర్చి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. నీళ్లు దాని బావివే. కూల్చమనేదీ వాళ్లే, కూల్చబోయే ఇంటికి పన్ను అడిగేదీ వాళ్లే!

నేనూ ఎఫీ మేయరు గ్లాడిస్ దగ్గరికి వెళ్లాం. గ్లాడిస్ ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఎఫీ పక్కన నిలబడి చేపలు కోసిన మనిషే.

"రూలు మేం పెట్టింది కాదే ఎఫీ. పైనుంచి వచ్చింది."

"పైనుంచి వచ్చేది వానొక్కటే గ్లాడిస్. మిగతావన్నీ ఎవరో ఒకరు చేసినవే."

గ్లాడిస్ తల దించుకుంది. ఎఫీ ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. "వదినా, ఇది కూడా మునిగిపోతుందేమో" అంది. దాని కళ్లలో భయం చూడ్డం నాకదే మొదటిసారి.

మర్నాడు అజారియా బాబాయి వచ్చాడు. ఊళ్లో అందరికీ ఆయన బాబాయే. వినబడదు, మోకాళ్లు వంగవు. అయినా నేల మీద బోర్లా పడుకుని ఇంటి కిందకి తొంగిచూశాడు. మా ఇళ్లకు పునాది గోడలు ఉండవు, బండల మీద నిలబెట్టిన కర్ర గుంజలే.

"కూల్చడమెందుకు తల్లీ?" అన్నాడు లేస్తూ. "లాగితే పోలా? మీ దీవి ఇళ్లను నీళ్ల దాకా లాగిన చేతులివి."

"ఆ లాగిన వాటిల్లో మా నాన్నది మునిగింది బాబాయ్."

ఆయన చెవికి ఎక్కనే లేదు. "ఆఁ, తాడు నేను తెస్తాలే" అన్నాడు.

శనివారం నాడు చుట్టుపక్కల రేవుల జనమంతా దిగారు. ఆడాళ్లు బఠాణీ సూపు కుండలతో, మగాళ్లు చెక్క జాకీలతో. గుంజలు తీసేసి, తొక్క ఒలిచిన మానులు ఇంటి కింద దూర్చి, వాటికి చేపనూనె దట్టంగా పూశారు. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. మైదానం పొడుగునా చెయ్యంత లావు తాడు పరిచారు.

ఎఫీ నన్ను లోపలికి తోసింది. "వదినా, పొయ్యి ఆరనివ్వకు. మా నాన్న పొయ్యి ఆర్పేసి బయల్దేరాడు."

నేను కెటిల్ పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. బాబాయి చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు కారు వచ్చి ఆగింది.

"ఆపండి! ఇల్లు కదపడానికి పర్మిట్ ఉందా?"

ఎఫీ ముఖం తెల్లగా పాలిపోయింది. అప్పుడు తాడు మధ్యలోంచి ఒక గొంతు లేచింది. గ్లాడిస్! గ్లాడిసే కాదు, ఆ కౌన్సిలు మొత్తం తాడు పట్టుకునే ఉంది.

"పర్మిట్ ఇవ్వాల్సింది కౌన్సిలే కదయ్యా? మేమంతా ఇక్కడే ఉన్నాం, మీటింగు పెట్టేస్తాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

"చేతులెత్తితే తాడు జారిపోదా, గాడిదా!" అని అరిచాడు మా తమ్ముడు కుర్చీలోంచి.

"అయితే లాగండి! లాగినవాళ్లంతా ఒప్పుకున్నట్టే!"

బాబాయి గొంతెత్తాడు. చెవిటాయనకు అంత గొంతు ఎక్కడ దాగుందో! ఆయన ఒక్క కూత పెడితే మైదానమంతా హైలెస్సా అని బదులిచ్చింది. తాడు బిగుసుకుంది. ఇల్లు మూలిగింది, పురిటి నొప్పులొచ్చినట్టు. ఏమీ కాలేదు. ఇంకో కూత. నా కాళ్ల కింద నేల ఒక్కసారి ఒణికింది.

ఆ తరవాత ఎలా చెప్పను? కిటికీలో సముద్రం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను, అదే నా మీదికి నడిచొస్తోంది. గట్టు మీద పడవలు పెద్దవయ్యాయి. పడవల మీద పిట్టల కళ్లు కూడా కనబడ్డాయి. గోడకు వేలాడే టీ కప్పులు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి కానీ ఒక్కటీ పడలేదు. పొయ్యి మండుతూనే ఉంది, బయట పొగ మా వెనకే తోకలా వస్తోందని తరవాత చెప్పారు. నాకు చదువు రాదు, దేవుడి మాటలు పెద్దగా తెలియవు. చేతిలో కెటిల్ పట్టుకుని నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయాను. ఇంతమంది మనుషుల చేతులు కలిస్తే సముద్రమే కదిలొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇల్లు ఆగింది. ఇన్‌స్పెక్టరు రోడ్డు వైపు నుంచి టేపు పట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. అప్పుడు చూశాను, అతని అరచేతులు తాడు ఒరిపిడికి ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఎప్పుడు వెళ్లి పట్టుకున్నాడో ఎవరూ చూడలేదు.

"టీ తాగి వెళ్లు బాబూ" అంది ఎఫీ.

అతను రోడ్డు వైపు తలుపు దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఇల్లంతా చుట్టి వచ్చి సముద్రం వైపు తలుపు తట్టాడు.

వసంతంలో కొత్త పన్ను కాగితం వచ్చింది. ఇల్లు సముద్రానికి ఇంకా దగ్గరైంది కాబట్టి పన్ను ఇంకా పెరిగిందట. నేను కౌన్సిల్లో ఒక్కణ్ణీ వదలకుండా తిట్టాను. ఎఫీ మాత్రం పగలబడి నవ్వి, ఆ కాగితాన్ని పొయ్యి పైన గోడకు మేకు కొట్టి తగిలించింది.

"ఉండనీ వదినా. ఇల్లు నడిచిందంటే రేపు ఎవడు నమ్ముతాడు? గవర్నమెంటోళ్లే రాసిచ్చారు చూడు."