తనకి చప్పుడు పడదు

మా అన్నయ్య ఆఖరుగా చేసిన పని నాలుగు స్క్రూలు బిగించడం. పాత కంప్యూటరు డబ్బాను పక్కకు పడుకోబెట్టి, కరెంటు పంచే కొత్త ఎస్‌ఎంపీఎస్‌ను దాని గూట్లో కూర్చోబెట్టి, మూడు స్క్రూలు గట్టిగానూ, నాలుగోది ఒక చుట్టు తక్కువగానూ తిప్పాడు. "దీని మర అరిగిపోయింది. ఇంకాస్త తిప్పితే అలిగి బయటికొస్తుంది" అన్నాడట వదినతో. డబ్బాను నిలబెట్టి మీట నొక్కాడు. దాని మీద చెవి ఆనించి విన్నాడు. మంచినీళ్ళు తెమ్మన్నాడు. వదిన గ్లాసుతో వచ్చేసరికి చెవి ఇంకా డబ్బా మీదే ఉంది. ఇంకా వింటున్నాడనుకుని, గ్లాసు పక్కన పెట్టి, బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్ళిపోయింది.

అన్నయ్యది అక్షరాలు కూర్చే పని. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటరు, బల్ల పక్కన ఒక పేము కుర్చీ. ఇరవై రెండేళ్ళు అక్కడే కూర్చుని ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, పుస్తకాలు టైపు చేశాడు. వేళ్ళు కీబోర్డు మీద పరిగెడుతుంటే కళ్ళు మాత్రం కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ చెప్పుల్ని చూసేవి. మనిషి మొహం చూడకుండానే ఎవరొస్తున్నారో చెప్పేవాడు. మాట మాత్రం పిసినారి. పది అడిగితే ఒకటి చెప్పేవాడు, అదీ సగం.

నేను కథలు రాస్తాను. నా మొదటి పుస్తకమూ, రెండోదాంట్లో సగమూ ఆ బల్ల దగ్గరే అచ్చుకు తయారయ్యాయి. నేను పేము కుర్చీలో కూర్చుని పైకి చదివేదాన్ని, తను టైపు చేసేవాడు. ఒక్కోచోట వేళ్ళు ఆగేవి. "మళ్ళీ చదువు" అనేవాడు. అంటే ఆ వాక్యం బాగాలేదని. మళ్ళీ చదివేలోపు నాకే తెలిసేది. నా రాతను అంతకన్నా బాగా దిద్దినవాళ్ళు ఇంకొకరు లేరు.

రెండో పుస్తకం సగంలో ఉండగా ఆ కంప్యూటరు ఫ్యాను పిండిమరలా రొద పెట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు విసుగొచ్చి, "దీని గోలలో నా వాక్యం నాకే వినపడటంలేదు. మిగతాది ఇంటి దగ్గర నేనే కొట్టుకుంటాలే" అని కాగితాలు తీసుకుని వచ్చేశాను. అలక పాన్పు ఎక్కినదాన్ని బతిమాలి దింపుతాడనుకున్నాను. పిలవలేదు. నేను మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. పండిన జుట్టుతో ఇద్దరం ఐదేళ్ళు అలాగే గడిపాం.

పేము కుర్చీ మాత్రం ఖాళీగా లేదు. లెక్కల టీచరు వచ్చి కూర్చుంది. ఉద్యోగం నుంచి దిగిపోయాక, పిల్లలు భయపడకుండా లెక్కలు నేర్చుకునేందుకు ఆరువందల పేజీల పుస్తకం రాస్తోందట. రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. ఏదో పని మీద నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను: ఇద్దరూ ప్రూఫు కాగితాల మీద తలలు దగ్గర పెట్టుకుని ఉన్నారు. అంచుల్లో అన్నయ్య పెన్సిలుతో ఏదో రాస్తే ఆవిడ నవ్వి కింద జవాబు రాసేది. నా పుస్తకాల ప్రూఫుల్లో అన్నయ్య ఒక్క ముక్క రాసి ఎరగడు. గుమ్మంలో నిలబడి "నమస్కారమండీ" అన్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. అబ్బో, ఎంత పొగరో అనుకున్నాను. ఆ రోజునుంచి ఆవిడ కళ్ళబడకుండా మూడింటి లోపలే వెళ్ళొచ్చేసేదాన్ని.

వదిన నన్ను ఆటపట్టించేది. "ఏం అమ్మాయ్, ఆడపడుచువన్న తర్వాత నా మీద కుళ్ళుకోవాలి గానీ, పాతికేళ్ళు నన్నొదిలేసి ఇప్పుడు ఆ టీచరమ్మ మీద పడ్డావేంటి?"

"నీ మీద కుళ్ళుకోవడానికేముంది వదినా? నీతో పదిమాటలు మాట్లాడితే గొప్ప."

"అదీ నిజమే. నాకే దిక్కులేదు, నీకేం మిగులుతుంది" అని నవ్వేది.

నాకు నవ్వు రాలేదు. మూడో పుస్తకం రాతప్రతి నా బీరువాలో ఏడాదిగా పడి ఉంది. అన్నయ్య పక్కన కూర్చుని పైకి చదవందే అది పుస్తకం కాదని నాకు తెలుసు. నా కుర్చీ నాకు కావాలి. ఆ మాట నోరు తెరిచి అడగలేను.

అలాంటి రోజుల్లో వదిన ఫోన్ చేసింది. "కంప్యూటరు ఢప్పుమని ఆగిపోయింది. గదంతా కాలిన వాసన. మీ అన్నయ్యకి ముద్ద దిగడంలేదు."

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు లోపల హాయిగా అనిపించింది. లెక్కల పుస్తకం ఆగిపోయింది కదా. వెళ్ళి, కొత్త కంప్యూటరు కొనుక్కోమన్నాను. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. తను వాడే అక్షరాలకు ఒక తాళం ఉంది. బొటనవేలంత బిళ్ళ. దాన్ని డబ్బా వెనక పాతకాలపు రంధ్రంలో గుచ్చితేనే అక్షరాలు పలుకుతాయి. కొత్తవాటికి ఆ రంధ్రమే ఉండదు. "మార్చే ఉపాయాలున్నాయిలే. కానీ అందులోకి వెళ్తే మూడు బై నాలుగు కాస్తా ముప్పై నాలుగవుతుంది. లెక్కల పుస్తకంలో అది బాగోదు కదా" అన్నాడు. చచ్చింది కంప్యూటరు కాదనీ, దానికి కరెంటు పంచే ఇనప పెట్టె ఎస్‌ఎంపీఎస్ ఒక్కటేననీ, అది మారిస్తే చాలనీ చెప్పాడు. ఆగి, "షాపుకి నువ్వూ వస్తావా?" అని అడిగాడు. ఐదేళ్ళలో అదే మొదటిసారి. ఎగిరి గంతేసినంత పనిచేసి, మొహం మాత్రం ముభావంగా పెట్టి, "సరే" అన్నాను.

రిపేరు షాపాయన్ని అందరూ తూకం బాబాయ్ అంటారు. ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా ముందు అరచేతిలో ఎత్తి చూస్తాడు. తేలిగ్గా ఉంటే లోపల సరుకు లేదని పక్కన పడేస్తాడు. పైన అతికించిన కాగితం మీది వాట్లను నమ్మడు. "కాగితం మీద నేను కూడా పహిల్వాన్నే" అంటాడు.

అన్నయ్య పాత పెట్టెను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "బోర్డు పాతది బాబాయ్. ఇరవై కాళ్ళ ప్లగ్గు కావాలి. ఇరవై నాలుగుదైతే ఆ నాలుగూ విడిగా ఊడి రావాలి. హార్డ్‌డిస్కు కూడా పాతదే. దానికి నాలుగు కాళ్ళ తెల్ల ప్లగ్గు ఉండాలి."

"పెళ్ళికూతుర్ని వెతికినట్టు వెతుకుతున్నావు. ఉన్నవి ఆరు. చూసుకో."

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఏమే, నీ పిన్ను ఇలా ఇయ్యి."

నా తలపిన్ను తీసి ఇచ్చాను. దాని కొసల మీది నల్లరంగు బ్లేడుతో గీకి, వంచి, ప్లగ్గులో ఆకుపచ్చ తీగకూ నల్ల తీగకూ మధ్య గుచ్చాడు. కంప్యూటరు లేకుండానే ఫ్యాను తిరిగింది. అలా ఒక్కొక్కటీ తిప్పి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. షాపులో సీసం కరిగించే పొగకు దగ్గొచ్చి నేను బయట మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాను. నా వెనక వాళ్ళ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఇది బరువుంది, ప్లగ్గులున్నాయి, అన్నీ ఉన్నాయి. ఇంకేం రోగం?" అన్నాడు బాబాయ్.

"ఫ్యాను కూస్తోంది బాబాయ్. వద్దు."

"కంప్యూటరన్నాక చప్పుడు చెయ్యదా?"

"తనకి చప్పుడు పడదు. ఇలా మోగితే పక్కన కూర్చోదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మాటలతో బతికేదాన్ని, మాట ఎక్కడ మారిందో పట్టుకోలేనా? నిన్నటిదాకా టీచరుగారు "ఆవిడ". ఇవాళ "తను" అయింది. నిన్నటిదాకా "కూర్చుంటారు". ఇవాళ "కూర్చోదు". ఆ కుర్చీయే కాక నా సర్వనామం కూడా ఆవిడకి వెళ్ళిపోయిందన్నమాట. లోపలికి వెళ్ళలేదు. ఆరోది బాగుందని అన్నయ్య సంచిలో వేసుకుని వచ్చేదాకా వీధిలో పోయే బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను.

దారిలో నోరు ఊరుకోలేదు. "మీ టీచరుగారికి సరిపడే మెత్తటి ఫ్యాను దొరికినట్టుందే."

అన్నయ్య నావైపు వింతగా చూశాడు. తర్వాత నవ్వాడు. "దొరికింది. ఇంక వచ్చి కూర్చోవడమే తరువాయి."

"రాకేం, రోజూ మూడింటికి తయారేగా."

నవ్వు తగ్గింది. సంచి చెయ్యి మార్చుకుని మా సందు మలుపు దాకా నడిచాడు. అక్కడ ఆగి, "ఇవాళ బిగించేస్తాను. రేపు పొద్దున ఓసారి రాకూడదూ?" అన్నాడు.

"నాకు పనుంది" అన్నాను. పనేమీ లేదు. పిన్ను లేక జారిన జుట్టు వెనక్కి తోసుకుంటూ ఇంటికి వచ్చేశాను.

అన్నయ్య పోయి నెల దాటాక వదిన అడిగింది, లెక్కల పుస్తకం ఆఖరి నలభై పేజీల ప్రూఫులు కంప్యూటర్లోనే ఉన్నాయి, తీసి టీచరమ్మకి ఇచ్చిరమ్మని. వెళ్ళి మీట నొక్కాను. ఏమీ వినపడలేదు. చెడిపోయిందేమోనని చెయ్యి వెనక పెట్టి చూస్తే సన్నగా గాలి తగిలింది. కిటికీ బయట చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, గోడ మీద గడియారం ముల్లు వినిపిస్తోంది, ఆ డబ్బా మాత్రం వినపడటంలేదు. ఎంత శ్రద్ధగా ఏరాడు ఆవిడ కోసం, అని చనిపోయిన మనిషి మీద మళ్ళీ కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. కాగితాలు అచ్చు తీసుకుని బయల్దేరాను.

టీచరుగారి ఇంటి గంట రెండుసార్లు నొక్కాను. ఎవరూ రాలేదు. పక్కవాటా అమ్మాయి తొంగిచూసి, "గంట కాదండీ, కిటికీ దగ్గరికెళ్ళి చెయ్యి ఊపండి" అంది.

ఊపాను. ఆవిడ చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తి చూసి, తలుపు తీసి, నా చేతుల్లో ప్రూఫులు చూడగానే కళ్ళు ఒత్తుకుంది. ఈ పేజీల దిద్దుబాటు సంగతి నేను చూస్తానని, దారంతా కూర్చుకున్న మర్యాద వాక్యం ఒకటి గడగడా అప్పజెప్పాను. ఆవిడ నా పెదాలవైపు చూసి తల అడ్డంగా ఊపి, అన్నయ్య చేతిలో ఉండేటువంటి పెన్సిలు ఒకటి నా ముందుకు చాపింది.

"రాసి చూపించమ్మా. మీ అన్నయ్యా అంతే, అన్నీ రాసే చూపించేవాడు. నాకు రెండు చెవులూ వినపడక తొమ్మిదేళ్ళయింది."