చిక్కుడు పండుగనాడు మా పొట్టలు

చిక్కుడు గింజల మూలంగా నా పెళ్ళి చెడిపోబోయిందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానె.

రెండువేల దశకం మొదట్లో ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఓ ఊళ్ళో నేను బడిపంతులుని. సత్తుపల్లిలో ఒక సంబంధం నడుస్తోంది. ఆ అమ్మాయిని బంధువుల పెళ్ళిలో చూశాను. వడ్డించేవాడు చీర మీద పప్పు ఒలకబోస్తే కోప్పడకుండా నవ్వింది. చేసుకుంటే ఆమెనే చేసుకోవాలనుకున్నాను. వాళ్ళ నాన్న పెట్టింది ఒకటే షరతు, కుర్రాడికి తాగుడు ఉండకూడదు. అయితే అడవి ఊళ్ళలో పనిచేసే పంతుళ్ళందరూ పొద్దు వాలేసరికి తూలుతుంటారని ఎవడో ఆయన చెవిన వేశాడు. ఆ ఎవడో దొరికితే ఇప్పటికీ రెండు పీకాలని ఉంది.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పాదులకు చిక్కుడు ఎంత విరగకాసినా, పండుగ చేసి దేవతలకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. పండుగ అయ్యాక మాత్రం ప్రతి ఇంట్లోనూ అదే కూర. ఆ రోజు గుమ్మంలోకి వచ్చినవాడు తినకుండా పోతే ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. నేను కిరాయికి ఉండే ఇంటి అవ్వ ముందే హెచ్చరించింది.

"ఒకింట్ల తిని ఇంకో ఇంట్ల తినకపోతే బాగుండదు పంతులూ. అందరిండ్లల్ల జరంత జరంత తిను."

ఆ "జరంత" నా చెవికి ఎక్కలేదు. పోయిన ప్రతి ఇంట్లోనూ విస్తరి ఖాళీ చేశాను. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత మగవాళ్ళకు వర్తించదని అప్పటిదాకా నా నమ్మకం. పైగా గబగబా మింగడంతో కూరతోపాటు గాలి కూడా బాగానే లోపలికి పోయినట్టుంది. పొట్ట బిగిసిపోతుంటే సొంత తెలివి ఒకటి తట్టింది. సోడా తాగితే త్రేన్పు వచ్చి అంతా సర్దుకుంటుందని కొట్టు దగ్గర వరసగా గోలీసోడాలు పట్టించాను. గ్యాసు మీద గ్యాసు పోసిన మహానుభావుణ్ణి నేనే. ఇంటికి వచ్చేసరికి ప్యాంటు గుండీ తెగి వాకిట్లో కోడి ముందు పడింది. కోడి దాన్ని గింజ అనుకుని పొడిచి, నా వంక అసహ్యంగా చూసింది.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పుడే తెలిసింది. చెప్పాపెట్టకుండా అమ్మాయి వాళ్ళ నాన్న ఆటో దిగాడు. నేను ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ, అటూ ఇటూ ఊగుతూ ఎదురెళ్ళాను. మొహమంతా చెమట. ఆయన నా దగ్గరగా వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం మాస్టారూ, పట్టపగలే మొదలెట్టారా?"

"అబ్బే, చిక్కుడుకాయండీ..."

"చిక్కుడుకాయ తింటే ఎవరన్నా ఇలా తూలుతారా?"

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. ఇక ఆమె నాకు దక్కదనుకున్నాను. ఆయన మళ్ళీ అదే ఆటో ఎక్కబోతుంటే అవ్వ అడ్డం నిలబడింది.

"పండుగ పూట వచ్చి తినకుండ పోతవా అయ్యా? గట్లెట్ల పోతవ్?"

పెద్దావిడ మాట కాదనలేక కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాక ఆయనే అడిగి మరీ మారు వడ్డించుకున్నాడు. ఈలోగా పక్కింటివాళ్ళు వచ్చారు, వాళ్ళ పక్కింటివాళ్ళు వచ్చారు. సత్తుపల్లి చుట్టాన్ని మా ఇంటికంటే మా ఇంటికని లాక్కుపోయారు. నేను లోపల మా అమ్మ పెట్టెలో సర్ది పంపిన పొట్లాలు విప్పాను. వాములో ఉప్పురాయి వేసుకుని నమిలాను. ఇంగువ నీళ్ళలో అరగదీసి బొడ్డు చుట్టూ పట్టించాను. మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని పడుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఆయన తిరిగొచ్చాడు. కాళ్ళు ఎడంగా పడుతున్నాయి. చొక్కా కింది గుండీలు విప్పేసి ఉన్నాయి. మొహమంతా చెమట. నన్ను చూసి మింగలేక కక్కలేక నులకమంచం మీద కూలబడ్డాడు. అవ్వ పడీ పడీ నవ్వింది. జాలేసి నేనే ఆయనకు వాము ఇచ్చాను, వేడినీళ్ళు తాగించాను, బొడ్డు చుట్టూ ఇంగువ కూడా రాశాను. కూర్చుంటే ఇంకా బిగుస్తుందని లేపి నడిపించాను. ఇద్దరం చొక్కాలు పైకెత్తుకుని, ఇంగువ ఘుమఘుమలతో వాకిట్లో ప్రదక్షిణలు చేశాం. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఒక మలుపులో ఆయన టక్కున ఆగిపోయాడు. పెద్ద చప్పుడు. నాది కాదు. మర్యాద కోసం ఆకాశం కేసి చూశాను. ఆ మర్యాద ఎంతోసేపు నిలవలేదు, నా వంతూ వచ్చింది.

"మాస్టారూ," అన్నాడు కాస్త తేలికపడ్డాక. "ఈ అవతారంలో ఇంటికెళితే మా ఆవిడ నేనే తాగానంటుంది. ఇక్కడి సంగతి మాత్రం మా ఇంట్లో చెప్పకండి."

"చెప్పను మామయ్యా," అన్నాను.

నోరు జారిందని తెలిసి చెవులు వేడెక్కాయి. ఆయన పొట్ట రుద్దుకుంటూ ఇంకో చుట్టు తిరిగాడు. నాకు ఊపిరాడలేదు, ఈసారి గ్యాసు వల్ల కాదు.

ఆయన మంచం మీద కూర్చుని గ్లాసు నా వైపు చాపాడు.

"ఆ వేడినీళ్ళు ఇంకాసిని పొయ్యి, అల్లుడూ."