అచ్చులమ్మ సొంత మెయిలు

వినికిడి యంత్రం కొనుక్కున్నంత మాత్రాన అది చెవిలో కుదురుగా కూర్చోదు. ఒక్కొక్కరి చెవి ఒక్కో తీరు. మెత్తటి ముద్దను చెవిలో నింపి, గట్టిపడ్డాక తీసి, ఆ అచ్చును బట్టి ఆ చెవికే పట్టే తొడుగు పోసివ్వడం ఆమె పని. అందుకే వీధిలో ఆమెకు అచ్చులమ్మ అని పేరు పడింది. పక్కనున్న గడియారాల దుకాణాయన అక్కడితో ఊరుకోకుండా, యంత్రాలు బాగుచేసే ఆమె భర్తను హల్లులయ్యను చేశాడు. వాళ్ళకు కూతురు పుట్టినప్పుడు, “ఇక గుణింతం మొదలైంది” అని వీధంతా చెప్పుకొచ్చాడు.

వాళ్ళ దుకాణంలో ఫోను మోగడం తక్కువ. వచ్చేవాళ్ళలో చాలామందికి ఫోనులో మాట అందదు మరి. అడగాల్సినవి మెయిలు రాసి అడుగుతారు. ఆస్పత్రి నుంచి వినికిడి పరీక్షల కాగితాలు కూడా మెయిల్లోనే వస్తాయి. వెనక గదిలో పోత పని ముగించుకుని, చేతులు కడుక్కుని, ముందు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని అందరికీ ఓపిగ్గా జవాబులు రాయడం అచ్చులమ్మకు ఇష్టమైన పని.

ఒకరోజు పొద్దున్నే వడ్రంగి పెద్దాయన వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి, మొహం చిన్నబుచ్చుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“తొడుగు పగిలిందని ఎన్నిసార్లు రాశాను తల్లీ. ఒక్క జవాబూ లేదు. నేనేమన్నా తప్పుగా రాశానా?”

అచ్చులమ్మ ప్రతిసారీ జవాబు రాసింది. ఆయన ఫోను అడిగి తీసుకుని వెతికితే, పనికిరాని మెయిళ్ళ కుప్పలో, లాటరీ తగిలిందని ఊరించే ఉత్తరాల మధ్య తన జవాబులన్నీ బుద్ధిగా పడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన యంత్రం పెట్టుకోకుండానే రంపం మిషను దగ్గర పనిచేస్తున్నాడని తెలిసి ఆమె ప్రాణం చివుక్కుమంది. ఆయన్ని కూర్చోబెట్టి అప్పటికప్పుడు చెవి అచ్చు తీసుకుంది. పోత సామాను రావడం ఆలస్యమని, అందాకా పగిలినదాన్నే అతికించి ఇచ్చింది.

ఆదివారం ఆడపడుచు భోజనానికి వచ్చింది. ఆమె ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. కంచం ముందు నుంచి లేవకుండానే విషయమంతా విని తేల్చేసింది.

“మీ వెబ్‌సైటు చేసినవాళ్ళే మెయిలు కూడా ఇచ్చారు కదా వదినా. వాళ్ళు ఒకే మిషను మీద బోలెడు దుకాణాల్ని కుక్కారు. అందులో ఎవడో చెత్త మెయిళ్ళు పంపుతున్నాడు. చెడ్డపేరు అందరికీ అంటుకుంది.”

“అయితే ఏ పెద్ద కంపెనీ దగ్గరో తీసుకుంటే పోలా?” అన్నాడు హల్లులయ్య.

“తీసుకోవచ్చు అన్నయ్యా, తప్పేం లేదు. కాదంటే లైనక్స్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు మీద మన సొంత మెయిలు సర్వరే పెట్టుకోవచ్చు. దాని మంచీచెడూ మనమే చూసుకోవాలి మరి.”

అచ్చులమ్మ అందరికీ కూర వడ్డించింది. “జనం చెవుల సంగతులు మన దగ్గరే ఉంటే నాకు నిమ్మళం. ఏమేం ఉన్నాయో చూపించు.”

వెనక గదిలో మూలపడి ఉన్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి దాని మీద పరీక్షలు మొదలుపెట్టారు. ఆడపడుచు మొదట అన్నీ విడివిడిగా తెచ్చి తన చేత్తో అమర్చింది. ఉత్తరాలు పంపడానికీ అందుకోవడానికీ పోస్ట్‌ఫిక్స్, వాటిని పెట్టెలో దాచి అడిగినప్పుడు చూపించడానికి డవ్‌కాట్, చెత్తను ఏరడానికి ఇంకొకటి. అది చక్కగానే నడిచింది. కానీ కొత్త చిరునామా ఒకటి చేర్చాలంటే నల్లటి తెర మీద బారెడు ఆదేశాలు కొట్టాలి. అచ్చులమ్మ ఒకసారి కొట్టి చూసింది. ఒక చుక్క తప్పిపోయి మెయిలంతా పడుకుంది.

రెండోసారి అన్నీ కలిసి వచ్చే పెద్ద మూట దించారు. క్యాలెండరు, కబుర్ల గది, సమావేశాలు, అందులో లేనిది లేదు. పాత కంప్యూటరు ఆయాసపడి, ఒక్క ఉత్తరం తెరవడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

“మొగుడూ పెళ్ళాం ఒకే బల్ల దగ్గర కూర్చునే దుకాణంలో సమావేశాలేంటే? ఇంట్లో గొడవలు చాలవా?” అంది అచ్చులమ్మ. ఆడపడుచు నవ్వాపుకోలేకపోయింది.

మూడోది మధ్యరకం. లోపల ఉన్నవి మొదట పెట్టినవే. పైన మాత్రం అమర్పులన్నీ కళ్ళకు కనబడే పేజీ ఒకటి ఉంది. చిరునామా చేర్చాలన్నా, పెట్టె పెద్దది చెయ్యాలన్నా నొక్కితే చాలు. అచ్చులమ్మకు అది నచ్చింది. అయినా వెంటనే సరేననలేదు.

“ఇప్పుడు ఇదంతా చెరిపెయ్.”

“అదేంటి వదినా, ఇంత కష్టపడి పెట్టాక?”

“పోయింది తిరిగి తెచ్చుకోగలమో లేదో ఇప్పుడే తేలాలి కదా. నువ్వు ఊళ్ళో లేనప్పుడు పోతే నేనేం చెయ్యను?”

ఆడపడుచు గుండె రాయి చేసుకుని చెరిపేసింది. దాచిన నకలు నుంచి తిరిగి తెస్తే ఉత్తరాలు వచ్చాయి గానీ చిరునామాలు రాలేదు. నకలు తీసేటప్పుడు ఒక ఫోల్డరు మరిచిపోయింది. నాలుక కరుచుకుని సరిచేసి, మళ్ళీ చెరిపి, మళ్ళీ తెచ్చింది. ఈసారి అన్నీ వచ్చాయి. ఏ మెట్టు తరవాత ఏ మెట్టో తనకు అర్థమయ్యే మాటల్లో రాసిపెట్టమని అచ్చులమ్మ పక్కనే కూర్చుని రాయించుకుంది.

మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వెళ్ళే మెయిళ్ళను బయట నమ్మరని, అసలు సర్వరును బయట అద్దెకు తీసుకుని తాళం తమ దగ్గరే ఉంచుకున్న మిషను మీద పెట్టారు. ఈ దుకాణం పేరుతో మెయిలు పంపే హక్కు ఈ మిషనుకే ఉందని అందరికీ తెలిసేలా ఇంటర్నెట్ చిరునామాల పట్టికలో రాయించారు. వెళ్ళే ప్రతి మెయిలు మీదా దుకాణం ముద్ర పడేలా చేశారు. అయినా కొత్త మిషనంటే అనుమానమే. అందుకని మొదట తెలిసినవాళ్ళకే కాసిని మెయిళ్ళు పంపి, తిరిగి రాయమన్నారు. గడియారాలాయన చదువుకుని గోడ అవతలి నుంచే, “అందిందమ్మోయ్” అని కేకేశాడు. ఒక పెద్ద మెయిలు కంపెనీ మాత్రం చాలా రోజులు ఈ మెయిళ్ళకు తలుపు తియ్యలేదు. ఆడపడుచు అర్జీ మీద అర్జీ పెడితే చివరికి తీసింది.

వడ్రంగికి కొత్త తొడుగు తయారైందని అచ్చులమ్మ రాసిన మెయిలు ఈసారి ఆయన పెట్టెలో పైనే కనబడింది. సాయంత్రమే వచ్చాడు. తొడుగు చెవిలో పెట్టి, ఆమె ఆయన వెనక నిలబడి మామూలు గొంతుతో, “నొప్పిగా ఉందా బాబాయ్?” అంది. పెద్దాయన వెనక్కి తిరగకుండానే, “లేదు తల్లీ, హాయిగా ఉంది” అన్నాడు.

కొన్నాళ్ళకు సర్వరు నిజంగానే పడుకుంది. ఆస్పత్రి నుంచి పెద్దపెద్ద ఫైళ్ళు వచ్చి జాగా నిండిపోయింది. ఆడపడుచు రైల్లో ఉంది, ఫోను అందలేదు. అచ్చులమ్మ తాను రాయించుకున్న కాగితం ముందు పెట్టుకుని, పాత నకళ్ళు తీసేసి, మిషన్ని మళ్ళీ నడిపించింది. ఆగిపోయిన మెయిళ్ళు ఒక్కొక్కటే రావడం మొదలయ్యాక గానీ కుర్చీలోంచి లేవలేదు.

రైలు దిగాక ఆడపడుచు కంగారుగా ఫోను చేసింది.

“వదినా, ఇప్పుడే చూశాను. ఆగిపోయినట్టుంది, మళ్ళీ నడుస్తోంది. ఎవర్ని పిలిచారు?”

“ఎవర్నీ పిలవలేదే. నేనే చేశాను.”

“ఇక నాతో పనేముంది మీకు?” అంది ఆడపడుచు, గొంతులో సంతోషం దాగకుండా.

“లేకేం? పంటి డాక్టరుగారు వాళ్ళకూ ఇలాంటిదే కావాలంటున్నారు. ఇద్దరం కలిసి చేస్తామని చెప్పేశాను. ఈ ఆదివారం కాస్త పెందలాడే రా” అని ఫోను పెట్టేసి, అచ్చులమ్మ పోత గదిలోకి వెళ్ళింది.