తిప్పి పెట్టిన కాంతం

పోయినవాటిని ముందు రాస్తాను. గోరంత అయస్కాంత పలక ఒకటి, నిలువునా చీలి. దాని మీది ప్లాటినం పూత. రెండు ఎండాకాలాలు. తొంభై ఆరు కొలతలు. నా మేనకోడలి పరిశోధనలో మూడో ఏడు, మొత్తంగా.

తమిళనాడు కోవిల్‌పట్టిలో ఒక కాలేజీ ల్యాబ్‌కు నేను స్టోర్‌కీపర్‌ని. పదో తరగతితో ఆగాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మా అక్క శివకాశి ఫ్యాక్టరీ వ్యాన్ ఎక్కి పనికెళ్లి చదివించిన కూతురు అదే ల్యాబ్‌లో పరిశోధనకు చేరింది. ఆమె గైడు విరుదునగర్ నుంచి రైల్లో పదకొండు దాటాక దిగేవాడు. తన క్లాసులు ఆమెకు అంటగట్టాడు. ఆమె తీయాల్సిన కొలతలు నాకు అంటగట్టాడు. ఆయనకు మిగిలిన పని కాఫీ తాగడం.

పని చెప్పుకుంటే చిన్నదే. ఆ పలకలో కరెంటు పారదు. అడుగున వేడిచేసి పైన చల్లగా ఉంచితే, లోపలి స్పిన్, అంటే ఎలక్ట్రాన్ల సొంత అయస్కాంత గుణం, మాత్రం వేడి వైపు నుంచి చల్లటి వైపుకు సాగి, ప్లాటినంలో రెండు మూడు మైక్రోవోల్టులుగా తేలుతుంది. తీగల అతుకులు వేడెక్కినా అంతే వస్తుంది. ఏది ఏదో తేల్చాలంటే పక్కనున్న అయస్కాంతాన్ని ఉత్తరం దక్షిణమయ్యేలా మార్చాలి. స్పిన్‌దైతే ప్లస్ మైనస్ అవుతుంది. అతుకులదైతే కాదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆయన ఫోన్‌లో చెప్పింది ఒక్క ముక్క: "ఒక తూరి రాసినాక కాంతం తిప్పి పెట్టి రాయయ్యా."

మా ఇళ్లలో కాంతం అంటే అయస్కాంతం, తిప్పి అంటే మళ్లీ అని. తిప్పి సెప్పు అంటే ఇంకోసారి చెప్పమని. ఆయనదీ మా నాగలాపురం వైపు తెలుగే. నేను మొదటి వరుసలో ఒక అంకె రాసి, కాంతం తీసి, తుడిచి, మళ్లీ అట్లాగే పెట్టి రెండో వరుసలో రాశాను, తొంభై ఆరు సార్లు. అన్నీ ప్లస్సే.

నోటు పుస్తకం చూసి మేనకోడలు అడిగింది. "మామా, కాంతం తిప్పితివా?"

"తిప్పి పెడితినే. తుడిసి మరీ."

"తలకిందులు సేసినావా?"

"అది ఎవురు సెప్పిరి?"

ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. పలక అంతకు ముందు వారమే చీలిపోయింది. ఎవరో చూడటానికి వస్తే, గైడు గొప్పకు దాన్ని చల్లటి పెట్టెలోంచి తీసి నేరుగా వేడి పళ్లెం మీద పెట్టాడు.

ఇద్దరం వెళ్లి చెప్పాం. ఆయన ఎర్ర పెన్ను తీసి రెండో వరుసలో ఒక్కో అంకె ముందు ఒక్కో గీత గీశాడు. కాంతం తిరగలేదు గానీ గుర్తు తిరిగింది.

"సార్, ఇది కొలిసింది కాదే."

"నీకు లెక్క తెలుసు, ఫిజిక్స్ తెలీదు. స్టోర్ చూసుకో పో."

నా తప్పు ఒక్క మాట దగ్గర. ఆయన తప్పు తొంభై ఆరు గీతలు, తెలిసి గీసినవి. వాటిమీద సంతకం పెడితే మేనకోడలికి డిగ్రీ వచ్చేది. ఆమె పెట్టలేదు. కొత్త పలక తెప్పించమని అడిగిన ప్రతిసారీ ఆయన రైలు టైమ్ చూసుకుంటాడు. ఇప్పటికీ ఆయన క్లాసులు ఆమే చెబుతోంది.

నేను వేరే నోటు పుస్తకంలో మొదటి వరుస ఎత్తి రాసి, రెండోది ఖాళీగా వదిలాను. కాంతాన్ని నిజంగా తలకిందులు చేసి రాయాల్సిన అంకెలు, నేటికి బాకీ: తొంభై ఆరు.